నవకల్పన ఆధారిత ఆర్థిక వృద్ధి

కొత్త వస్తువులు, కొత్త ఉత్పత్తి పద్ధతులు, కొత్త పరిజ్ఞానం మూలంగా ఒక సమాజపు తలసరి ఉత్పత్తి దీర్ఘకాలం పాటు నిలకడగా పెరగడాన్ని నవకల్పన ఆధారిత ఆర్థిక వృద్ధి అంటారు. భూమి, శ్రమ, మూలధనం అనే ఉత్పత్తి కారకాలను కేవలం పెంచుకుంటూ పోవడం వలన కలిగే వృద్ధి కొంతకాలానికి మందగిస్తుందనీ, ఉన్న కారకాలతోనే ఎక్కువ ఫలితం రాబట్టే కొత్త ఆలోచనలు మాత్రమే వృద్ధిని నిలబెట్టగలవనీ ఈ సిద్ధాంతపు సారాంశం. జోసెఫ్ షుంపీటర్, రాబర్ట్ సోలో, పాల్ రోమర్, ఫిలిప్ అఘియాన్, పీటర్ హోవిట్, జోయెల్ మోకిర్ ఈ విషయంపై పరిశోధనలు చేసిన అర్థశాస్త్రవేత్తలలో ముఖ్యులు. వీరిలో చివరి ముగ్గురికి 2025లో ఆల్ఫ్రెడ్ నోబెల్ స్మారక అర్థశాస్త్ర బహుమతి లభించింది.

అర్థ వివరణ

ఆవిష్కరణకు, నవకల్పనకు తేడా ఉన్నది. ఇంతకు ముందు లేని విషయాన్ని కనిపెట్టడం ఆవిష్కరణ. దానిని ఉత్పత్తిలో ప్రవేశపెట్టి, జనం వాడకంలోకి తీసుకొని రావడం నవకల్పన. ఒక ఆవిష్కరణ దశాబ్దాల పాటు ప్రయోగశాలకే పరిమితమై ఉండవచ్చు. అప్పటివరకు దాని వలన ఆర్థిక వృద్ధి ఏమీ ఉండదు.

వృద్ధి రేటులోని చిన్న తేడా కూడా దీర్ఘకాలంలో చాలా పెద్ద తేడాగా మారుతుంది. తలసరి ఆదాయం ఏటా 1 శాతం చొప్పున పెరిగితే అది రెట్టింపు కావడానికి సుమారు 70 సంవత్సరాలు పడుతుంది. 2 శాతం చొప్పున పెరిగితే 35 సంవత్సరాలు చాలు. నూరేళ్ళలో మొదటి దేశపు ఆదాయం 2.7 రెట్లు కాగా రెండవ దేశపు ఆదాయం 7 రెట్లకు పైగా అవుతుంది. అందుచేత వృద్ధి రేటును నిర్ణయించేది ఏమిటనే ప్రశ్న అర్థశాస్త్రంలో ప్రధానమైనది.

ఆంగస్ మాడిసన్ అనే ఆర్థిక చరిత్రకారుడి అంచనాల ప్రకారం క్రీ.శ. 1000 నుండి 1820 వరకు ఎనిమిది శతాబ్దాలలో ప్రపంచ తలసరి ఉత్పత్తి సుమారు 50 శాతం మాత్రమే పెరిగింది. 1820 నుండి 1998 వరకు రెండు శతాబ్దాల లోపుననే అది ఎనిమిది రెట్లకు పైగా అయింది. ఈ మార్పు ఎందుకు వచ్చింది, వచ్చినది ఎందుకు ఆగిపోలేదు అనే రెండు ప్రశ్నలకు సమాధానం వెదకడమే ఈ శాస్త్రవేత్తలు చేసిన పని.

పూర్వపు ఆలోచనలు

ఆడం స్మిత్ 1776లో ప్రచురించిన గ్రంథంలో శ్రమ విభజన వలన ఉత్పాదకత పెరుగుతుందని గుండుసూదుల తయారీని ఉదాహరణగా తీసుకొని వివరించాడు. థామస్ మాల్థస్ 1798లో, ఉత్పత్తి ఎంత పెరిగినా జనాభా పెరుగుదల దానిని మింగివేస్తుందని వాదించాడు. డేవిడ్ రికార్డో వ్యవసాయంలో క్షీణ ప్రతిఫలాల కారణంగా వృద్ధి చివరకు ఆగిపోతుందని భావించాడు. కార్ల్ మార్క్స్ యంత్రాల ప్రాధాన్యాన్ని గుర్తించినప్పటికీ, లాభాల రేటు తగ్గుతూ పోయి పెట్టుబడిదారీ వ్యవస్థ సంక్షోభంలో పడుతుందని చెప్పాడు. మాల్థస్, రికార్డోల అంచనాలు ఆనాటి వరకు గడచిన చరిత్రకు సరిపోయాయి కాని తరువాతి కాలానికి సరిపోలేదు. పరిజ్ఞానం ఇంత వేగంగా, ఇంత ఎడతెగకుండా పెరుగుతుందని వారు ఊహించకపోవడమే దీనికి ముఖ్య కారణం.

షుంపీటర్ సిద్ధాంతం

జోసెఫ్ షుంపీటర్ (1883-1950) నాటి ఆస్ట్రియా-హంగేరీ సామ్రాజ్యంలోని మొరేవియా ప్రాంతంలో జన్మించాడు. 1919లో కొద్ది నెలలు ఆస్ట్రియా ఆర్థిక మంత్రిగా పనిచేశాడు. 1932 నుండి మరణించేవరకు అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడుగా ఉన్నాడు. ఆర్థికాభివృద్ధి సిద్ధాంతంపై ఇతని జర్మన్ గ్రంథం 1911లో వెలువడింది. అందులో నవకల్పనలను ఐదు రకాలుగా విభజించాడు:

1. కొత్త వస్తువును ప్రవేశపెట్టడం
2. కొత్త ఉత్పత్తి పద్ధతిని అమలుచేయడం
3. కొత్త మార్కెట్టును తెరవడం
4. ముడి పదార్థాలకు కొత్త వనరును సంపాదించడం
5. పరిశ్రమను కొత్త విధంగా వ్యవస్థీకరించడం

ఈ పనులను చేపట్టేవాడు వ్యవస్థాపకుడు. అతనికి లభించే లాభం తాత్కాలికమైనది. ఇతరులు అనుకరించగానే ఆ లాభం కరిగిపోతుంది. 1942లో ప్రచురించిన మరొక గ్రంథంలో షుంపీటర్ ఈ ప్రక్రియకు "సృజనాత్మక విధ్వంసం" అనే పేరును ప్రచారంలోకి తెచ్చాడు. కొత్త పరిశ్రమ పుట్టడం, పాత పరిశ్రమ కూలడం వేరువేరు సంఘటనలు కావనీ, ఒకే ప్రక్రియకు రెండు ముఖాలనీ ఇతని అభిప్రాయం. రైలు వచ్చినచోట గుర్రపు బండ్ల సర్వీసు మూతపడటం, డిజిటల్ కెమెరా రాకతో ఫిల్ము పరిశ్రమ క్షీణించడం దీనికి ఉదాహరణలు.

సోలో నమూనా

అమెరికాకు చెందిన రాబర్ట్ సోలో (1924-2023) 1956లో ఒక వృద్ధి నమూనాను ప్రతిపాదించాడు. అదే సంవత్సరం ఆస్ట్రేలియాకు చెందిన ట్రెవర్ స్వాన్ కూడా స్వతంత్రంగా ఇటువంటి నమూనానే ప్రకటించాడు. దీని ప్రకారం పొదుపు, పెట్టుబడి పెరిగితే తలసరి ఉత్పత్తి స్థాయి పెరుగుతుంది కాని, క్షీణ ప్రతిఫలాల కారణంగా ఆ పెరుగుదల శాశ్వతంగా కొనసాగదు. ఒక నేత కార్మికునికి ఒక మగ్గానికి బదులు రెండు ఇస్తే కొంత ప్రయోజనం ఉంటుంది. పది ఇస్తే ఎనిమిది ఖాళీగా ఉంటాయి. దీర్ఘకాలిక వృద్ధి సాంకేతిక ప్రగతి వలన మాత్రమే సాధ్యం.

1957లో సోలో అమెరికాకు సంబంధించిన 1909-1949 మధ్యకాలపు గణాంకాలను పరిశీలించాడు. ఈ కాలంలో పనిగంటకు ఉత్పత్తి సుమారు రెట్టింపు అయింది. అందులో 87.5 శాతం సాంకేతిక మార్పు వలన కలిగినదనీ, మిగిలిన 12.5 శాతం మాత్రమే మూలధనం పెరగడం వలన కలిగినదనీ తేల్చాడు. శ్రమ, మూలధనాల లెక్క తీసివేయగా మిగిలిన ఈ భాగాన్ని "సోలో శేషం" అంటారు. ఇది నేరుగా కొలిచినది కాదు, తీసివేతలో మిగిలినది. కనుకనే మోజెస్ అబ్రమోవిట్జ్ 1956లోనే ఇటువంటి శేషాన్ని మన అజ్ఞానానికి కొలమానంగా అభివర్ణించాడు. సోలోకు 1987లో నోబెల్ స్మారక బహుమతి లభించింది.

ఈ నమూనాలో ఒక లోపం ఉన్నది. వృద్ధికి మూలం సాంకేతిక ప్రగతి అని చెబుతుంది కాని, ఆ ప్రగతి ఎక్కడనుండి వస్తుందో చెప్పదు. అది ఆర్థిక వ్యవస్థ వెలుపలినుండి వచ్చిపడుతున్నట్లు భావిస్తుంది.

అంతర్జనిత వృద్ధి సిద్ధాంతం

ఈ లోపాన్ని పూరించే ప్రయత్నాలు 1960లలోనే మొదలయ్యాయి. కెన్నెత్ యారో 1962లో, పని చేస్తూ చేస్తూ కార్మికులు, సంస్థలు నేర్చుకునే అనుభవం కూడా ఉత్పాదకతను పెంచుతుందని వివరించాడు. పరిశోధన ఫలితాలు ఇతరులకు కూడా ఉపయోగపడతాయి కనుక, మార్కెట్టుకే వదిలేస్తే సమాజానికి అవసరమైనంత పరిశోధన జరగదని కూడా అతను చూపాడు.

పాల్ రోమర్ 1986, 1990 సంవత్సరాలలో ప్రచురించిన వ్యాసాలు ఈ రంగాన్ని మలుపు తిప్పాయి. ఆలోచనలకు, వస్తువులకు ఒక మౌలికమైన తేడా ఉన్నదని ఇతను గుర్తించాడు. ఒక నాగలిని ఒక సమయంలో ఒకరే వాడగలరు. నాగలిని తయారుచేసే విధానాన్ని ఎంతమందైనా ఒకేసారి వాడవచ్చు. వాడకం వలన అది తరగదు. అందుచేత ఆలోచనల విషయంలో క్షీణ ప్రతిఫలాల అడ్డంకి ఉండదు. అయితే ఒక ఆలోచనను కనిపెట్టడానికి మొదట ఖర్చు అవుతుంది. ఆ ఖర్చు రాబట్టుకొనడానికి పేటెంట్ల వంటి తాత్కాలిక రక్షణ అవసరమవుతుంది. రోమర్‌కు 2018లో విలియం నోర్డ్‌హౌస్‌తో కలిపి నోబెల్ స్మారక బహుమతి లభించింది. రాబర్ట్ లూకాస్ 1988లో మానవ మూలధనం, అనగా విద్య, నైపుణ్యాల పాత్రను ఇదే దృష్టితో విశ్లేషించాడు.

అఘియాన్-హోవిట్ నమూనా

ఫ్రాన్సుకు చెందిన ఫిలిప్ అఘియాన్, కెనడాకు చెందిన పీటర్ హోవిట్ షుంపీటర్ మాటలలో చెప్పిన సృజనాత్మక విధ్వంసానికి గణిత రూపం ఇచ్చారు. వీరి వ్యాసం 1992లో ప్రచురితమైంది. ఈ నమూనాలోని ముఖ్యాంశాలు:

* పరిశోధనలో గెలిచిన సంస్థ అప్పటివరకు ఉన్న సంస్థను తొలగించి తాత్కాలిక గుత్తాధిపత్యం పొందుతుంది. తరువాతి నవకల్పన వచ్చేవరకే ఆ లాభం నిలుస్తుంది.
* రాబోయే నవకల్పన త్వరగా వస్తుందని భావిస్తే నేటి పరిశోధనపై ఆసక్తి తగ్గుతుంది.
* ప్రతి నవకల్పనా తరువాతివారికి మెట్టుగా ఉపయోగపడుతుంది. ఈ ప్రయోజనం సంస్థ లెక్కలోకి రాదు కనుక పరిశోధన అవసరమైన దానికంటె తక్కువగా జరగవచ్చు.
* మరొకవైపు, పాత సంస్థకు కలిగే నష్టం కూడా కొత్త సంస్థ లెక్కలోకి రాదు. కనుక అవసరమైన దానికంటె ఎక్కువగా కూడా జరగవచ్చు.

ఈ ఇద్దరూ మరి ముగ్గురితో కలిసి 2005లో ప్రచురించిన వ్యాసంలో పోటీకి, నవకల్పనకు మధ్య ఉన్న సంబంధం తలక్రిందులు చేసిన "యు" ఆకారంలో ఉంటుందని చూపారు. పోటీ బొత్తిగా లేకపోయినా, మితిమీరినా నవకల్పన తగ్గుతుంది.

మోకిర్ చారిత్రక విశ్లేషణ

జోయెల్ మోకిర్ 1946లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో జన్మించాడు. అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. పారిశ్రామిక విప్లవానికి ముందు కూడా ఆవిష్కరణలు జరిగినప్పటికీ వృద్ధి ఎందుకు ఆగిపోయేదో ఇతను పరిశీలించాడు. ఇతని ప్రకారం ఉపయోగకరమైన జ్ఞానం రెండు రకాలు. ఒకటి, ఒక పని ఎలా చేయాలో చెప్పేది. రెండవది, అది ఎందువలన పనిచేస్తుందో చెప్పేది. పూర్వం మొదటి రకం ఉండి రెండవది లేకపోవడం వలన ఒక ఆవిష్కరణ మీద మరొకటి నిర్మించడం కష్టమయ్యేది.

ఆవిరి యంత్రం దీనికి మంచి ఉదాహరణ. 1643లో టారిసెల్లి ప్రయోగంతో వాతావరణ పీడనం గురించి తెలిసింది. ఆ అవగాహన ఆధారంగా 1690లో డెనిస్ పాపిన్ నమూనా, 1712లో న్యూకమెన్ యంత్రం వచ్చాయి. 1769లో జేమ్స్ వాట్ తన మెరుగుదలకు పేటెంటు పొందాడు. శాస్త్రవేత్తలకు, చేతిపనివారికి మధ్య రాకపోకలు ఉండటం, కొత్తను అడ్డుకొనే వర్గాల బలం తగ్గడం బ్రిటన్‌కు కలిసివచ్చాయని మోకిర్ వాదన. 2025 బహుమతిలో సగభాగం మోకిర్‌కు, మిగిలిన సగం అఘియాన్, హోవిట్‌లకు సమానంగా లభించింది.

నష్టపోయేవారి సమస్య

నవకల్పన వలన సమాజానికి మొత్తం మీద లాభం కలిగినా, ఆ లాభం అందరికీ ఒకేసారి చేరదు. బ్రిటన్‌లో 1811 నుండి లుడైట్లు అనబడే కార్మికులు యంత్రాలను పగులగొట్టారు. 1812లో యంత్రాల ధ్వంసానికి మరణశిక్ష విధిస్తూ చట్టం చేశారు. 1820లలో అక్కడ రెండు లక్షలకు పైగా ఉన్న చేనేత కార్మికుల వృత్తి శతాబ్దం మధ్యకు వచ్చేసరికి దాదాపు అంతరించింది.

ఈ చరిత్రకు తెలుగు నేలతో కూడా సంబంధం ఉన్నది. ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో వర్తక స్థావరం నెలకొల్పింది. కోరమాండల్ తీరపు అద్దకపు బట్టలకు ఐరోపాలో గొప్ప గిరాకీ ఉండేది. ఈ పోటీని తట్టుకొనలేక బ్రిటన్ 1700, 1721 సంవత్సరాలలో అద్దకపు నూలు బట్టలపై నిషేధ చట్టాలు చేసింది. తరువాత హార్‌గ్రీవ్స్, ఆర్క్‌రైట్, క్రాంప్టన్ వడకు యంత్రాలతో అక్కడి మిల్లు నూలు చౌక అయింది. 19వ శతాబ్దంలో మిల్లు బట్ట భారతదేశంలోకి వెల్లువగా వచ్చి ఇక్కడి ఎగుమతి వ్యాపారం దెబ్బతిన్నది. చేతితో నూలు వడికే స్త్రీల జీవనాధారం పోయింది. మగ్గాలు మాత్రం పూర్తిగా అంతరించలేదు. మిల్లు నూలును వాడుకుంటూ చేనేత నిలిచింది. ఈ పతనానికి యంత్రాలు ఎంత కారణమో, వలస ప్రభుత్వపు సుంకాల విధానం ఎంత కారణమో చరిత్రకారులలో నేటికీ చర్చ ఉన్నది. నష్టపోయినవారికి కొత్త వృత్తి, శిక్షణ, భృతి కల్పించే వ్యవస్థ లేనప్పుడు సృజనాత్మక విధ్వంసంలో విధ్వంసం మాత్రమే వారి వంతు అవుతుందని ఈ ఉదాహరణ తెలుపుతుంది. పని చేసే చోటును కాక, పని చేసే మనిషిని రక్షించాలని నేటి వృద్ధి సిద్ధాంతవేత్తలు పలువురు సూచిస్తున్నారు.

అనుకరణ నుండి నవకల్పనకు

వెనుకబడిన దేశాలు మొదట ఇతరుల పరిజ్ఞానాన్ని అనుకరించి వేగంగా ఎదగగలవు. అగ్రశ్రేణి దేశాలకు దగ్గరవుతున్న కొద్దీ సొంత నవకల్పన అవసరమవుతుంది. డారన్ ఆసిమోగ్లు, అఘియాన్, జిలిబొట్టి 2006లో ఈ విషయాన్ని సిద్ధాంతీకరించారు.

హైదరాబాదు ఔషధ పరిశ్రమలో ఈ క్రమం కనబడుతుంది. భారత పేటెంటు చట్టం (1970) మందులకు తయారీ పద్ధతిపై మాత్రమే పేటెంటు ఇచ్చింది. అందుచేత అదే మందును వేరొక పద్ధతిలో చౌకగా తయారుచేయడం సాధ్యమైంది. ప్రభుత్వరంగ సంస్థ ఐ.డి.పి.ఎల్.లో పనిచేసిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్‌ను స్థాపించాడు. 1997లో శాంతా బయోటెక్నిక్స్ సంస్థ హెపటైటిస్-బి టీకాను విదేశీ టీకాల కంటె ఎంతో తక్కువ ధరకు విడుదల చేసింది. 2005 నుండి మందులకు వస్తు పేటెంట్లు అమలులోకి రావడంతో కేవలం అనుకరణ మీద ఆధారపడే అవకాశం తగ్గింది. 2020-21లో భారతదేశం పరిశోధన, అభివృద్ధిపై చేసిన వ్యయం స్థూల దేశీయోత్పత్తిలో సుమారు 0.64 శాతం. ఇజ్రాయెల్, దక్షిణ కొరియాలలో ఇది 5 శాతానికి దగ్గరగా లేదా అంతకు మించి ఉన్నది.

చర్చలు, విమర్శలు

* ఫలితం ఆలస్యం కావడం: విద్యుత్తు కేంద్రాలు 1880లలోనే వచ్చినా, అమెరికా కర్మాగారాల ఉత్పాదకతపై వాటి ప్రభావం 1920లలో గాని స్పష్టంగా కనబడలేదని పాల్ డేవిడ్ 1990లో చూపాడు. కర్మాగారాల నిర్మాణాన్నే మార్చుకోవలసి రావడం దీనికి కారణం. కంప్యూటర్లు, కృత్రిమ మేధ విషయంలో కూడా ఇదే పోలికను తెస్తున్నారు.
* ఆలోచనలు అరుదవుతున్నాయా: నికొలస్ బ్లూమ్, చార్లెస్ జోన్స్ తదితరులు 2020లో ప్రచురించిన వ్యాసం ప్రకారం కంప్యూటర్ చిప్‌ల సాంద్రత రెట్టింపు చేయడానికి 1970ల ఆరంభంతో పోలిస్తే 18 రెట్లకు పైగా పరిశోధకులు అవసరమవుతున్నారు.
* లాభం ఎవరికి: 1948-2001 మధ్య అమెరికాలో నవకల్పనల వలన కలిగిన మొత్తం ప్రయోజనంలో ఆ సంస్థలకు దక్కినది సుమారు 2.2 శాతమేననీ, మిగిలినది వినియోగదారులకు చేరిందనీ నోర్డ్‌హౌస్ 2004లో అంచనా వేశాడు.
* పర్యావరణం: మార్కెట్టు తనంతట తాను హరిత సాంకేతికత వైపు మళ్ళదనీ, కాలుష్యంపై పన్ను, పరిశోధనకు సాయం రెండూ అవసరమనీ అఘియాన్ తదితరులు వాదించారు.

ఒకప్పటి నవకల్పకులే నేటి పెద్ద సంస్థలుగా మారి కొత్తవారిని అడ్డుకొనే ప్రమాదం ఉన్నదని ఈ శాస్త్రవేత్తలు హెచ్చరిస్తున్నారు. రెండు శతాబ్దాలుగా సాగుతున్న వృద్ధి సహజసిద్ధమైనది కాదనీ, దానికి అంతకు ముందరి వేల సంవత్సరాల స్తబ్ధతయే సాక్ష్యమనీ వీరి పరిశోధనల సారాంశం.