పళ్లెం కింద చెక్కు

దగ్గరకు జరగండర్రా, చలి కాచుకుంటూ వినండి. ఇవాళ చెప్పేది మన ఊరి ముచ్చట కాదు, అమెరికాలో ఓ బట్టల వర్తకుడిది. పేరు లీవై మోర్టన్. 1824లో వెర్మాంట్ రాష్ట్రంలో, షోరేమ్ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి చర్చిలో పాస్టరు. ఆ జీతం ఇంటిల్లిపాదికీ చాలీచాలకుండా ఉండేది. పెద్ద చదువుల ఊసెత్తకుండా చిన్నప్పుడే కొట్లో గుమాస్తాగా చేరిపోయాడు. తర్వాత హానోవర్‌లో వ్యాపారం, అక్కణ్ణుంచి బోస్టన్, చివరికి న్యూయార్క్‌లో టోకు బట్టల వ్యాపారం.

దక్షిణాది రాష్ట్రాలకు సరకు అరువు మీద పోయేది. 1861లో ఉత్తరాదికీ దక్షిణాదికీ యుద్ధం వచ్చింది. మన దేశపు పత్తికి ఎక్కడలేని గిరాకీ తెచ్చిన యుద్ధం అదే. మోర్టన్‌ని మాత్రం నిలువునా ముంచింది. అరువు పట్టుకెళ్లినవాళ్లు అవతలి పక్షమైపోయారు, ఇక వసూలెక్కడిది? దుకాణం మూతబడింది. అప్పిచ్చినవాళ్లు డాలరుకి యాభై సెంట్ల చొప్పున పుచ్చుకుని సరేనన్నారు. కాగితం మీద అంతటితో చెల్లు.

1863లో బ్యాంకు పెట్టి మళ్లీ నిలదొక్కుకున్నాడు. అప్పుడేం చేశాడనుకున్నారు? ఆ పాత అప్పులవాళ్లను విందుకు పిలిచాడట. వాళ్లు కూర్చుని పళ్లెం ఎత్తి చూస్తే, కింద చెక్కు! ఎగ్గొట్టిన సగం, వడ్డీతో సహా.

ఇంటి సంగతి చెప్పాలంటే, మొదటి భార్య లూసీ 1871లో పోయింది. రెండేళ్లకు ఆనాను చేసుకున్నాడు. అయిదుగురు ఆడపిల్లలు పెరిగారు. ఒకమ్మాయి ఫ్రెంచి ప్రభువుల ఇంటి కోడలై, కొద్దికాలానికే విడాకులు పుచ్చుకుంది.

ఇక రాజకీయం. 1880లో గార్‌ఫీల్డ్ అధ్యక్ష పదవికి నిలబడుతూ, ఉపాధ్యక్షుడిగా రమ్మని మోర్టన్‌ని అడిగాడు. న్యూయార్క్‌లో పార్టీని చేతిలో పెట్టుకున్న రాస్కో కాంక్లింగ్ వద్దన్నాడు. ఈయన ఆ మాట విని తప్పుకున్నాడు. చెస్టర్ ఆర్థర్ ఆ చోట నిలబడ్డాడు. మరుసటేడే గార్‌ఫీల్డ్‌ను తుపాకీతో కాల్చారు, ఆయన పోయాడు. ఆర్థర్ అధ్యక్షుడైపోయాడు!

మోర్టన్ అప్పటికి రాయబారిగా పారిస్‌లో ఉన్నాడు. అక్కడే తయారైన స్వేచ్ఛా విగ్రహానికి మొదటి రివెట్ కొట్టింది ఈయనే, ఎడమ పాదం బొటనవేలి దగ్గర. తర్వాత 1889 నుంచి నాలుగేళ్లు ఉపాధ్యక్షుడు, ఆపైన న్యూయార్క్ గవర్నరు. 1920లో, సరిగ్గా తన 96వ పుట్టినరోజునాడు కన్నుమూశాడు.

ఒకరి మాట విని వదులుకున్నది దేశానికి అధ్యక్ష పీఠం. ఎవరూ అడక్కుండా చేసింది బాకీ తీర్చడం. నన్నడిగితే రెండోదే పెద్ద పనిరా.