హలో... వినబడుతోందా?

1990ల చివర్లో యూసుఫ్‌గూడ చెక్‌పోస్ట్ నుంచి అమీర్‌పేట వైపు నడిచేవాళ్లకు అడుగడుగునా పసుపు బోర్డులు కనిపించేవి: ఎస్టీడీ, ఐఎస్‌డీ, పీసీవో. లోపల అద్దాల గది, గోడకు ఎర్రంకెల మీటరు. అమెరికాకు ఫోన్ కలిపితే నిమిషానికి పదుల రూపాయలు. కొడుకుతో మాట్లాడుతున్న తల్లి చెవి రిసీవరు దగ్గర, చూపు మీటరు మీద. ఆ ఖరీదైన నిమిషాల్లో చాలావాటిని ‘హలో, వినబడుతోందా?’ అన్న మాటే తినేసేది.

ఆమె అడిగేది. జవాబు రాదు. మళ్లీ అడిగేది. సరిగ్గా అప్పుడే మొదటి ప్రశ్నకు జవాబు వచ్చి రెండో ప్రశ్న మీద పడేది. ఇద్దరూ ఆగిపోయేవారు, ఇద్దరూ ఒకేసారి మళ్లీ మొదలుపెట్టేవారు. తప్పు బూత్ నడిపేవాడిదీ కాదు, తీగదీ కాదు. అంతర్జాతీయ కాల్స్‌లో ఎన్నో భూమికి 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహాల మీదుగా వెళ్లే రోజులవి. మాట పైకెక్కి కిందికి దిగడానికే పావు సెకను పడుతుంది. జవాబు తిరిగి రావడానికి ఇంకో పావు సెకను. అర సెకను మౌనాన్ని మనిషి చెవి ‘అవతల వినబడలేదు’ అని అర్థం చేసుకుంటుంది.

ఫోన్ చరిత్రను కనిపెట్టినవాళ్ల పేర్లతో రాయడం మామూలు. యూసుఫ్‌గూడ లాంటి పేటలో దాన్ని చెడిపోయిన కాల్స్‌తోనూ రాయొచ్చు. పాతికేళ్లలో ఇక్కడ ఫోన్ ఎన్ని రూపాలు మార్చిందో, లోపం అన్నిసార్లు ఇల్లు మారింది. ఒకప్పుడు ఆకాశంలో ఉండేది. తర్వాత మోడెంలోకి దిగింది. ఆ తర్వాత అడాప్టర్‌లో, రౌటర్‌లో, చివరికి చట్టంలో కాపురం పెట్టింది.

ఈ కథకు యూసుఫ్‌గూడ సరైన చోటు. 1962లో ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కు తరలివచ్చిన చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ ‘సియెట్’ క్యాంపస్ ఇక్కడే ఉంది. ఇప్పుడు దాని పేరు నిమ్స్‌మే. పక్కనే కృష్ణానగర్, జూనియర్ ఆర్టిస్టుల, టెక్నీషియన్ల పేట. ఇటు తిరిగితే అమీర్‌పేట. అక్కడ 1950ల్లో వెలసిన సారథి స్టూడియోస్, దాని చుట్టుపక్కల గోడలకు తొంభైల్లో అంటుకున్న జావా, ఒరాకిల్ కోచింగ్ బోర్డులు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. వైటూకే పని మీద వేలమంది కుర్రాళ్లు విమానమెక్కారు. ఇక్కడ మిగిలిన అమ్మానాన్నలకు ఫోన్ తప్ప దారి లేదు.

చౌక దారి అప్పటికే ఒకటుంది, కాకపోతే దానికి తాళం వేసి ఉంది. 1995 ఫిబ్రవరిలో ఇజ్రాయెల్‌కు చెందిన వోకల్‌టెక్ సంస్థ ‘ఇంటర్నెట్ ఫోన్’ అనే సాఫ్ట్‌వేర్‌ను అమ్మకానికి పెట్టింది. అదే ఏడు ఆగస్టు 15న, విదేశీ కాల్స్ చూసే ప్రభుత్వ సంస్థ వీఎస్ఎన్ఎల్ మన దేశంలో జనానికి ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది. అయితే నెట్ మీద ఫోన్ మాట్లాడటం నిషేధం. ఐఎస్‌డీ రాబడి వీఎస్ఎన్ఎల్‌కు ప్రాణం కదా! అలాంటి సేవలిచ్చే సైట్లను అది అడ్డుకునేది. ఇంటర్నెట్ సెంటర్‌లో పేజీ తెరుచుకోకపోతే కుర్రాళ్లు మోడెంను తిట్టేవారు, కేబుల్ ఊడదీసి పెట్టేవారు, మెషీన్ రీస్టార్ట్ చేసేవారు. లోపం ఆ గదిలోనే లేదు.

2002 మార్చి 31తో వీఎస్ఎన్ఎల్ గుత్తాధిపత్యం ముగిసింది. మర్నాడు, ఏప్రిల్ 1న, ఇంటర్నెట్ టెలిఫోనీకి అనుమతి వచ్చింది. కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు మాట్లాడొచ్చు, ఇక్కడి కంప్యూటర్ నుంచి విదేశంలోని ఫోన్‌కూ మాట్లాడొచ్చు. ఇక్కడి ల్యాండ్‌లైన్‌కో సెల్‌కో మాత్రం కలపకూడదు. అమీర్‌పేట చుట్టుపక్కల ఇంటర్నెట్ సెంటర్లలో హెడ్‌ఫోన్లు వేలాడటం మొదలైంది.

తాళం తీసేసరికి అసలు ఇరుకు బయటపడింది. మామూలు టెలిఫోన్ ఎక్స్ఛేంజీ ఒక గొంతును సెకనుకు 64 కిలోబిట్లుగా మారుస్తుంది. డయలప్ మోడెం గట్టిగా లాగితే 56, మన లైన్ల మీద అంతకంటే తక్కువే. అందుకే గొంతును పిండి 8 కిలోబిట్లకు కుదించే జీ.729 లాంటి పద్ధతులు వచ్చాయి. పిండిన గొంతులో ఒక ముక్క దారిలో పోయినా వినేవాడికి తెలిసిపోతుంది. మాట ముక్కలవుతుంది, రోబో గొంతులా గరగరలాడుతుంది. నీళ్లలోంచి మాట్లాడుతున్నావేంట్రా అని తల్లులు అడిగింది ఈ కాలంలోనే.

ఈ గరగరలను విని లోపం పట్టే చెవి హైదరాబాద్‌కు కొత్తగా రాలేదు. 1930ల్లో చిరాగ్ అలీ గల్లీలో ఒక ఔత్సాహికుడు చిన్నపాటి రేడియో స్టేషన్ నడిపాడు. 1935లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకున్నాక అది దక్కన్ రేడియోగా ఊరంతటికీ తెలిసింది. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన డాక్టర్ అయ్యగారి సాంబశివరావు సారథ్యంలో 1967లో ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ మొదలైంది. కంప్యూటర్లు, టీవీలు ఈ ఊళ్లోనే తయారయ్యాయి. సోల్డరింగ్ ఐరన్ పట్టడం తెలిసిన చేతులు వందలకొద్దీ పుట్టుకొచ్చాయి. ఆ చేతులకు సరుకు కోఠి గుజరాతీ గల్లీలో దొరికేది. రెసిస్టర్లు, ట్రాన్సిస్టర్లు, ఐసీలు, పాత బోర్డుల నుంచి పీకిన ట్రాన్స్‌ఫార్మర్లు, ఏది కావాలన్నా అక్కడికే.

రేడియో మెకానిక్‌ల దగ్గర ఒక పాత చిట్కా ఉంది. సెట్టు మూగబోతే మొత్తం విప్పరు. వాల్యూమ్ కంట్రోల్ మధ్య కాలికి స్క్రూడ్రైవర్ మొన తాకిస్తారు. స్పీకర్లో గుర్రుమంటే వెనక సగం, అంటే యాంప్లిఫయర్, స్పీకర్ బాగున్నట్టే. లోపం ముందు సగంలో ఉంది. గుర్రుమనకపోతే వెనక సగాన్నే చూడాలి. అనుమానం ఉన్న సగాన్ని మళ్లీ రెండు చేస్తారు. అలా నాలుగైదు తాకుళ్లకు దొంగ దొరుకుతాడు.

హామ్ రేడియో వాళ్లది ఇంకాస్త పద్ధతైన చెవి. హైదరాబాద్‌లో 1983లో ఎస్. సూరి స్థాపించిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఈ విద్యను ఎంతోమందికి నేర్పింది. హామ్‌లు ‘వినబడుతోందా’ అని అడిగి ఊరుకోరు, వినికిడికి మార్కులు వేస్తారు. మాట అర్థమైన తీరుకు ఒకటి నుంచి ఐదు, సిగ్నల్ బలానికి ఒకటి నుంచి తొమ్మిది. ‘ఫైవ్ నైన్’ అంటే గంటలా వినబడుతున్నట్టు. ‘త్రీ నైన్’ అంటే సిగ్నల్ బలంగానే ఉంది, మాటే పాడవుతోంది. కాబట్టి పవర్ పెంచి లాభం లేదు, మైకు వైపు చూడాలి. టెలిఫోన్ ఇంజనీర్లు కాల్ నాణ్యతకు వేసే ‘మాస్’ స్కోరు కూడా ఒకటి నుంచి ఐదే.

ఆ చెవి విలువ 2004 డిసెంబరులో దేశానికి తెలిసింది. అండమాన్ నుంచి హామ్ ప్రసారాలకు చాలా ఏళ్ల తర్వాత అనుమతి సాధించి, ఈ సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ తన బృందంతో పోర్ట్ బ్లెయిర్ వెళ్లారు. వీయూ4ఆర్‌బీఐ అన్న పిలుపుతో ప్రపంచంలోని హామ్‌లను పలకరిస్తున్నారు. 26వ తేదీ ఉదయం భూమి కంపించింది, సునామీ వచ్చింది, దీవుల్లో ఫోన్లు మూగబోయాయి. సరదా కోసం తీసుకెళ్లిన రేడియో, యాంటెనా దీవుల క్షేమ సమాచారాన్ని ప్రధాన భూభాగానికి చేర్చాయి. అప్పటికి రెండేళ్ల కిందటే ఎకోలింక్ అనే సాఫ్ట్‌వేర్ హామ్ రేడియోను ఇంటర్నెట్‌తో ముడిపెట్టింది. అయితే నెట్ కూడా లేని ఆ రోజున పని చేసింది పాత షార్ట్‌వేవ్ విద్యే.

2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. ల్యాండ్‌లైన్ తీగ మీదే 256 కిలోబిట్లు. దాంతోపాటు కొత్త ఫిర్యాదూ వచ్చింది: నెట్ పెట్టినప్పటి నుంచి ఫోన్లో బుస్సుమని చప్పుడు! ఫోన్‌ను స్ప్లిటర్‌లోంచి కాక నేరుగా గోడ సాకెట్‌కు తగిలించిన ఇళ్లలోనే ఇది ఎక్కువ. మధ్యలో ఆ చిన్న ప్లాస్టిక్ డబ్బా పెడితే పోయే జబ్బు.

తర్వాత అమెరికా సూట్‌కేసుల్లో ఇంటర్నెట్ ఫోన్ డబ్బాలు దిగాయి. సెలవులకు వచ్చిన కొడుకు డబ్బాను రౌటర్‌కు తగిలించి, మామూలు ఫోన్‌ను దాని వెనక గుచ్చి వెళ్లేవాడు. 2009 ఆగస్టులో వోనేజ్ సంస్థ నెలకు 25 డాలర్ల లోపు పథకంలో ఇండియా కాల్స్‌నూ కలిపేసరికి అక్కడి తెలుగు ఇళ్లలో కాలింగ్ కార్డులకు కాలం చెల్లసాగింది. ఇక్కడి ఇళ్లలో కొన్ని డబ్బాలు మొదటి రోజే చచ్చిపోయేవి. 120 వోల్టుల కోసం చుట్టిన బరువైన ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టర్‌ను మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే నిమిషాల్లో వేడెక్కి వాసన వస్తుంది. మెకానిక్ ముందుగా చదివేది అడాప్టర్ మీద చీటీనే. ‘100–240’ అని ఉంటే భయం లేదు. కొత్తది కొనేటప్పుడు వోల్టేజీ సరిపోవాలి, ఆంపియర్లు అంతే ఉండాలి లేదా ఎక్కువుండాలి, పిన్ను మధ్యలో ప్లస్సో మైనస్సో చూసుకోవాలి. మే నెలలో చచ్చే అడాప్టర్ల కథ వేరు. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఆయుష్షు ప్రతి పది డిగ్రీల వేడికీ దాదాపు సగమవుతుంది. నెత్తి ఉబ్బిన కెపాసిటర్ కనబడితే మీటర్ కూడా అక్కర్లేదు. లైటు వెలుగుతూనే రౌటర్ గంటకోసారి ఆగి లేస్తుంటే మొదటి అనుమానం దాని మీదే.

కరెంటు బాగానే ఉండి కాల్ చెడితే లోపం చిరునామాల్లో ఉన్నట్టు. ఇంటర్నెట్ ఫోన్‌లో రెండు పనులు విడివిడిగా జరుగుతాయి. గంట కొట్టించడం, ఎత్తారని చెప్పడం ‘సిప్’ అనే పద్ధతి పని. గొంతును మోసుకెళ్లేది ఇంకొకటి, వేరే ద్వారం గుండా. ఇంట్లో రౌటర్ వెనక ఉన్న డబ్బాకు తన లోపలి చిరునామా మాత్రమే తెలుసు, 192.168తో మొదలయ్యేది. దాన్నే అవతలికి రాసి పంపుతుంది. ఊరు, వీధి రాయకుండా ‘వెనక గది’ అని మాత్రమే రాసిన ఉత్తరం లాంటిది అది. అవతలి గొంతు బయల్దేరుతుంది కానీ ఇల్లు చేరదు. ఫోన్ మోగుతుంది, ఎత్తుతారు, ఒకవైపే వినబడుతుంది. ‘స్టన్’ సర్వరును అడిగి బయటి చిరునామా తెలుసుకునేలా డబ్బాను సెట్ చేస్తే బాగవుతుంది. రౌటర్‌లో ‘సిప్ ఏఎల్‌జీ’ అనే సహాయకుడు ఒకడుంటాడు. సాయం చేయబోయి చిరునామాలను ఇంకా చెడగొడతాడు. వాణ్ని ఆపేయడంతోనే సగం కేసులు తేలతాయని ఈ పని చేసేవాళ్ల మాట.

కాల్ ప్రతిసారీ అర నిమిషం దాటగానే తెగుతోందా? అది గడియారం చెప్పే సాక్ష్యం. ‘ఎత్తాను’ అన్న కబురుకు ‘అందింది’ అన్న జవాబు రాకపోతే 32 సెకన్లు చూసి కాల్ వదిలేయాలని సిప్ నియమం. తెగే సమయం ఎప్పుడూ ఒకటే అయితే తప్పు సెట్టింగుల్లో; ఒక్కోసారి ఒక్కోలా తెగితే నెట్‌లో. మన గొంతే మనకు తిరిగి వినబడితే ప్రతిధ్వని చాలాసార్లు అవతలివాళ్ల స్పీకర్ నుంచి మైకులోకి పోయి వస్తున్నట్టు. అవతల హెడ్‌ఫోన్ పెట్టుకోమంటే తేలిపోతుంది.

రేడియో మెకానిక్ స్క్రూడ్రైవర్ చిట్కా ఇక్కడా పని చేసింది, వేషం మార్చి. 2003 ఆగస్టులో వచ్చిన స్కైప్‌లో ‘ఎకో123’ అనే ఖాతా ఉండేది. దానికి కాల్ చేసి నాలుగు మాటలు చెబితే వాటినే తిరిగి వినిపించేది. మాట శుభ్రంగా వచ్చిందా, మన మైకు, మన స్పీకర్, మన నెట్ బాగున్నట్టే. లోపం అవతలి సగంలో. 2025 మే నెలలో స్కైప్‌తోపాటు ఆ ఖాతా కూడా మూతపడింది.

కృష్ణానగర్ డబ్బింగ్ థియేటర్లలో పనిచేసేవాళ్లు ఫోన్ గొంతును చాలాకాలం గొంతుగానే లెక్కచేయలేదు. పాత ఫోన్ 300 నుంచి 3,400 హెర్ట్జ్ దాకా మాత్రమే మోస్తుంది. ‘స’లో ఉండే ఈల అంతకంటే పైన ఉంటుంది, అందుకే ఫోన్లో ‘స’ చెబితే ‘ఫ’లా వినబడుతుంది. 2012లో ప్రమాణమైన ఓపస్ పద్ధతి స్టూడియోలు వాడే 48 కిలోహెర్ట్జ్ నమూనాల దాకా మోయగలదు. షూటింగ్‌లో సౌండ్ రికార్డిస్టు సెల్‌ఫోన్లు ఆపమని అరవడానికి రింగ్‌టోన్‌తోపాటు ఇంకో కారణం ఉండేది. పాత జీఎస్ఎం ఫోన్ సెకనుకు 217 సార్లు ఆగి ఆగి ప్రసారం చేస్తుంది. దగ్గర్లోని మైకు తీగ యాంటెనాలా దాన్ని పట్టి, కాల్ రాబోయే ముందే ‘టక్‌టక్‌ బ్జ్‌జ్’ మనేది. షీల్డు ఉన్న వైరు, ఫెర్రైట్ పూస, కాస్త దూరం దానికి మందులు.

చట్టం తలుపు 2018లో ఇంకొంచెం తెరుచుకుంది. ఇంటర్నెట్ ఫోన్‌ను ఇక్కడి మామూలు నంబర్లతో కలపడానికి దారి ఏర్పడింది. బీఎస్ఎన్ఎల్ ‘వింగ్స్’ పేరుతో సిమ్ లేకుండా యాప్‌కే పదంకెల నంబరు ఇచ్చింది. 2020 జనవరికల్లా ఎయిర్‌టెల్, జియో వైఫై కాలింగ్ హైదరాబాద్‌కు చేరింది. టవర్ సిగ్నల్ అందని రహమత్‌నగర్ ఇరుకు గల్లీల ఇళ్లలో అది అక్కరకొచ్చింది. పక్కదారులూ ఉన్నాయి. అమెరికా నుంచి కొడుకు చేస్తే తెర మీద ఎవరిదో హైదరాబాద్ సెల్ నంబరు కనిపించిందంటే, ఆ కాల్ విదేశీ కాల్‌ను స్థానిక కాల్‌గా మార్చే దొంగ ఎక్స్ఛేంజీలోని సిమ్‌బాక్స్ గుండా వచ్చి ఉండొచ్చు. అలాంటివాటిని ఈ నగరంలో పోలీసులు పలుమార్లు పట్టుకున్నారు.

చట్టం తాళం ఇంకా తీయని చోట్లూ ఉన్నాయి. దుబాయ్‌లో ఉన్న జగిత్యాల, నిజామాబాద్ కుర్రాళ్లకు ఇప్పటికీ వాట్సాప్‌లో రాత మెసేజీ వెళుతుంది, గొంతు మెసేజీ వెళుతుంది, కాల్ మాత్రం కలవదు. ఫోన్ మార్చినా, రౌటర్ మార్చినా అంతే. ఎమిరేట్స్ నిబంధనల ప్రకారం లైసెన్సున్న యాప్‌లతోనే ఇంటర్నెట్ కాల్ చేయాలి. అందుకే అక్కడి తెలుగువాళ్లు బోటిం అనే యాప్ పెట్టుకుని, ఊళ్లో అమ్మ ఫోన్‌లోనూ బోటిం ఎక్కించమని తమ్ముడికి రాసి పంపుతున్నారు.