రాచపుండుకు మందు: అది నడచిన మార్గములు

రోగమునకు మందు కనుగొనుట ఒక యెత్తు; ఆ మందును రోగమున్న చోటికి చేర్చుట మరియొక యెత్తు. రాచపుండు, అనగా కేన్సరు, చికిత్సా చరిత్రలో ఈ రెండవ పని మొదటిదానికంటె సులభమైనదేమియు కాదు. ఒకే మందు ఒక మార్గమున పోయి ప్రాణము నిలుపును. వేరొక మార్గమున పోయి నిష్ఫలమగును. కొన్ని మందులు దారి తప్పినచో ప్రాణమునే తీయును.

మార్గములలో ప్రాచీనమైనది నోరు. 1865లో జర్మనీ దేశపు వైద్యుడు లిస్సవర్ ఒక లుకీమియా రోగికి పాషాణ ద్రావణము త్రాగించి కొంత మేలు చూచెను. లుకీమియా యనగా రక్తములోని తెల్లకణములు మితిమీరి పెరుగు వ్యాధి. అదియు కేన్సరులలో ఒకటి. పాషాణము విషమని యెరిగియు, వేరు మందు లేనందున వైద్యులు చాలకాలము దానినే వాడుచు వచ్చిరి.

రెండవ మార్గము యుద్ధమువలన తెరచుకొన్నది. రెండవ ప్రపంచ సంగ్రామ కాలమున అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున గుడ్‌మన్, గిల్‌మన్ అను ఔషధ శాస్త్రజ్ఞులు విషవాయువులను గూర్చి పరిశోధించుచుండిరి. మస్టర్డు జాతి విషము శరీరమున చేరినచో తెల్లకణములును, శోషరస గ్రంథులును క్షీణించును. మితిమీరి పెరిగిన గ్రంథులను ఈ విషముతోనే అణచరాదా యని వారు యోచించిరి. 1942 ఆగస్టు 27న అట్టి గ్రంథుల కేన్సరుతో బాధపడుచున్న యొక రోగికి నైట్రోజన్ మస్టర్డు తొలిసారిగా ఇచ్చిరి.

దానిని ఏ దారిన ఇయ్యవలెను? అది చర్మమునకు తగిలిన బొబ్బలెక్కును. నీటిలో కలిపిన కొద్దిసేపటికే మార్పు చెందును. కావున అప్పటికప్పుడు కలిపి, సిరలోనికి పారుచున్న ఉప్పునీటి గొట్టములోనికి ఎక్కించు పద్ధతి యేర్పడినది. ప్రవహించు రక్తము మందును పలుచన చేసి దేహమంతట పంచును. సూది సిరనుండి తప్పెనా, చుట్టునున్న కండ పుండగును. యేల్ రోగి కణితులు కరిగినవి. కాని వ్యాధి తిరుగబెట్టగా ఆ డిసెంబరులోనే అతడు మరణించెను. యుద్ధరహస్యమగుటచే ఈ వార్త 1946 వరకు వెలువడలేదు.

మూడవ ఘట్టమున ఒక తెలుగువాని కృషి కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకుడుగా నుండెను. కణములు విభజన చెందుటకు ఫోలిక్ ఆమ్లము అవసరము. దానిని పోలియుండి, దాని పనిని అడ్డగించు పదార్థములను ఆయన బృందము తయారు చేసెను. వానిలో ఎమినోప్టెరిన్ అను దానిని బోస్టన్ నగరమున డాక్టరు సిడ్నీ ఫార్బర్ లుకీమియా బాలలకు కండరములోనికి సూదిమందుగా ఇచ్చెను. పదునారుగురిలో పదిమందికి గుణము కనిపించినదని 1948లో ప్రకటించెను. ఆ గుణము కొన్ని నెలలు మాత్రమే నిలిచినది. సుబ్బారావు ఆ సంవత్సరము ఆగస్టులోనే న్యూయార్కున మరణించెను.

ఎమినోప్టెరిన్‌కు తోబుట్టువయిన మెథొట్రెక్సేట్ నేటికిని వాడుకలో నున్నది. ఇది మార్గముల చరిత్రకు చక్కని ఉదాహరణము. మాత్రగా మ్రింగవచ్చును; కాని మోతాదు పెరిగిన కొలది ప్రేవులు పీల్చుకొను పాలు తగ్గును. కండరములోనికి, సిరలోనికి సూదిమందుగా ఇయ్యవచ్చును. ఈ మూడు దారులును చివరకు రక్తమునే చేరును. అయినను రోగము దాగుటకు ఒక చోటు మిగిలియున్నది.

రక్తమునుండి వ్యాధి మాయమయిన బాలలలో పెక్కుమందికి కొన్ని నెలలకు తలనొప్పి, వాంతులు కనిపించెడివి. మెదడు పొరలలో రోగకణములు పెరుగుటయే కారణము. మెదడుకును రక్తమునకును నడుమ ప్రకృతి యొక కంచె నిర్మించినది. పెక్కు మందులు దానిని దాటజాలవు. అందుచే వైద్యులు నడుమువద్ద వెన్నెముకల సందున సూది గ్రుచ్చి, మెదడును వెన్నుపామును ఆవరించియున్న ద్రవములోనికే మెథొట్రెక్సేట్ ఎక్కించిరి. మెంఫిస్ నగరపు సెయింట్ జూడ్ ఆసుపత్రిలో డొనాల్డ్ పింకెల్ 1967 మొదలు ఈ పద్ధతికి తలపై కిరణ చికిత్సను, ఇతర మందులను జోడించెను. ఒకప్పుడు దాదాపు తప్పని మృత్యువనుకొన్న వ్యాధినుండి బాలలలో సుమారు సగముమంది బయటపడిరి.

అయితే ఈ ద్వారము అన్ని మందులకు తగినది కాదు. మన పెరళ్ళలో పూచు బిళ్ళగన్నేరునుండి లభించు విన్‌క్రిస్టిన్ అదే రోగులకు సిరలో ఇయ్యబడును. అది పొరపాటున వెన్నుద్రవమున చేరినచో దాదాపు ఎల్లప్పుడును మరణమే. రెండు మందులును సిరంజిలలో నుండుటచే పలు దేశములలో ఈ ఘోరము జరిగినది. విన్‌క్రిస్టిన్‌ను సిరంజిలో గాక చిన్న సంచిలో పలుచన చేసి యియ్యవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో హెచ్చరించినది. సంచిని ఎవరును వెన్నుసూదికి తగిలింపరు.

రోగము ఒక అవయవమునకే పరిమితమైనచో మందును దేహమంతట పంచనేల? 1957లో న్యూ ఆర్లియన్స్ నగరమున క్రీచ్, క్రెమెంట్జ్ అను శస్త్రవైద్యులు కాలి రక్తప్రసారమును శరీరమునుండి వేరుచేసి, యంత్రముచే ప్రసరింపజేయుచు, అందు మందు కలిపిరి. ఇక మాటిమాటికి సూది గ్రుచ్చుటచే చేతి సిరలు చెడిపోవుట మరియొక చిక్కు. గుండెకు చేరువనున్న పెద్ద సిరలో నెలల తరబడి నిలుచు సన్నని గొట్టమును సియాటిల్ నగరమున హిక్‌మన్ 1979లో వివరించెను. 1980 దశకమున చర్మము క్రింద అమర్చు చిన్న గిన్నెవంటి సాధనములు వచ్చినవి.

ఆశ్చర్యమేమనగా, 1865 నాటి పాషాణమును మరల వచ్చినది. 1970 దశకమున చైనాలోని హార్బిన్ వైద్యులు దానిని శుద్ధిచేసి సిర ద్వారా ఇచ్చి, ఒక రకపు లుకీమియాపై విజయము సాధించిరి. 2000లో అమెరికా ప్రభుత్వము దానిని ఆమోదించెను. లిస్సవర్ రోగి నోట పోసిన విషము, రోగమును సరిగా గుర్తించి, కొలత యెరిగి, దారి మార్చి యిచ్చినప్పుడు ఔషధమైనది.