వారసుడికిచ్చిన కుర్చీ

షాంఘైలో 1920లో పుట్టిన ఆన్ వాంగ్ 1945లో అమెరికా చేరి, మూడేళ్లకే హార్వర్డ్‌లో డాక్టరేటు అందుకున్నారు. కంప్యూటర్లలో అయస్కాంత వలయాలతో సమాచారం దాచే పద్ధతికి దారి వేసినవారిలో ఆయనొకరు. 1951లో, కూడబెట్టుకున్న 600 డాలర్లతో బోస్టన్‌లో వాంగ్ లేబొరేటరీస్ మొదలుపెట్టారు. శాస్త్రవేత్త, గుమాస్తా, సరుకు అమ్మేవాడు అన్నీ ఆయనే.

ఎదిగేకొద్దీ పాత్ర మార్చుకోవడం ఆయనకు తెలుసు. తన పేటెంటును 1956లో ఐబీఎంకు అమ్మేశారు. అరవైల్లో కాలిక్యులేటర్లు సంస్థను నిలబెట్టాయి. వాటి ధరలు పడిపోతాయని గ్రహించి, తన చేతులమీద పెరిగిన ఆ వ్యాపారం నుంచే తప్పుకున్నారు. ఎంతమంది యజమానులకు అంత గుండె ఉంటుంది? 1976లో తెరమీద అక్షరాలు దిద్దుకునే వర్డ్ ప్రాసెసర్ తెచ్చారు. టైపు మిషన్ల మోత మధ్య అది అద్భుతం. ఆఫీసులన్నీ దానికోసం ఎగబడ్డాయి. బట్టల మిల్లులు మూతపడి నీరసించిన లోవెల్ పట్టణంలో సంస్థ కొలువుతీరడంతో దానికి మళ్లీ ప్రాణం వచ్చింది. ఉద్యోగులు 30 వేలు దాటారు.

ఒక్క పాత్ర మాత్రం ఆయన చివరిదాకా వదల్లేదు, అది ఇంటిపెద్ద పాత్ర. పెట్టుబడి బయటినుంచి రావాలి, పగ్గాలు ఇంట్లోనే ఉండాలి. అందుకే ఓటు బలం తక్కువగా ఉన్న కొత్త తరగతి షేర్లు జారీ చేశారు. న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజి అందుకు ఒప్పుకోకపోతే, అమెరికన్ స్టాక్ ఎక్స్ఛేంజికి మారారు. సంస్థ వేలమందిదయింది, నిర్ణయం ఒక్క ఇంటిదిగానే మిగిలింది.

ఆ ఇంటి పెద్దకొడుకు ఫ్రెడ్. అతని చేతిలో పరిశోధన విభాగం ఉన్నప్పుడు, 1983లో, సంస్థ ఒక్కసారిగా పద్నాలుగు కొత్త ఉత్పత్తులు ప్రకటించింది. వాటిలో చాలా భాగం ఇంకా తయారే కాలేదు. ఎదురుచూసి విసిగిన ఖాతాదారుల నమ్మకం సడలింది. అప్పటికే ఐబీఎం పర్సనల్ కంప్యూటర్ బజారులోకి వచ్చి రెండేళ్లయింది. ఏ ప్రోగ్రాము వేస్తే అది నడిచే ఆ యంత్రం ముందు, రాతకోసమే పుట్టిన వాంగ్ యంత్రం వెలవెలబోయింది. కాలిక్యులేటర్ల పతనాన్ని ముందే చూసిన కళ్లు దీన్ని ఎందుకు చూడలేకపోయాయో తలచుకుంటే దుఃఖమే వస్తుంది.

ఏళ్ల తరబడి అమ్మకాలు నడిపించిన జాన్ కన్నింగ్‌హామ్ 1985లో వెళ్లిపోయాడు. మరుసటి ఏడాది ఫ్రెడ్‌కు ప్రెసిడెంట్ పదవి ఇచ్చారు వాంగ్. పతనానికి ఆ కొడుకునే దోషిని చేసినవాళ్లున్నారు. నేను వాళ్లతో ఏకీభవించలేను. బరువు ఎవరు మోయగలరో తూచి చూడాల్సిన యజమాని పనిని, ఆస్తి పంచే తండ్రి పని మింగేసింది. అది ఫ్రెడ్ చేసిన తప్పు కాదు.

1989లో 42.4 కోట్ల డాలర్ల నష్టం తేలింది. కేన్సర్‌కు శస్త్రచికిత్స చేయించుకుని కోలుకుంటున్న తండ్రి, ఆ ఆగస్టులో కొడుకును రాజీనామా చేయమన్నారు. జీవితమంతా కాపాడుకున్న వారసత్వాన్ని ఆయనే తెంచారు. ఇంటికీ సంస్థకూ మధ్య సంస్థను ఎంచుకున్నారు. అప్పటికి చాలా ఆలస్యమైంది. 1990 మార్చిలో ఆయన కన్నుమూశారు. 1992 ఆగస్టులో సంస్థ దివాలా రక్షణ కోరి కోర్టుకెక్కింది. ఆరుకోట్ల డాలర్లు పోసి కట్టిన లోవెల్ భవనాలు 1994లో వేలానికి వచ్చి 5,25,000 డాలర్లకు పోయాయి.