చార్లెసు డికెన్సు: ఆగిన మాసము

నవలాకారుని కలము సాగుచున్నంతకాలము అది యెట్లు సాగుచున్నదని యెవ్వరును విచారింపరు. ఆగినప్పుడే విచారింతురు. ఆగిన కలము మరల సాగుటకు కారణ మేమని యడిగినచో, కొందఱు సరస్వతీకటాక్ష మందురు. మఱికొందఱు మనోదార్ఢ్య మందురు. ఈ రెండు మాటలలోను నిజము లేకపోలేదు. కాని తేదీలతో సహా చరిత్ర కెక్కిన యొక యుదాహరణమును నిదానముగా పరిశీలించినచో మూడవ కారణ మొకటి మాకు గోచరించుచున్నది. ఆ యుదాహరణము ఆంగ్లనవలాకారుడైన చార్లెసు డికెన్సు జీవితములో 1836వ సంవత్సరము మొదలు 1841 వఱకు జరిగినది. ఏకకాలమున రెండు నవలలను నడపుచు, మూడవదానికి మాట యిచ్చియున్నవాడు, నడుమ నొక మాసము పూర్తిగా నిలిచిపోయి, మరల లేచి యన్నిటిని ముగించిన కథ యిది.

డికెన్సు 1812వ సంవత్సరము ఫిబ్రవరి 7వ తేదీన పోర్ట్స్‌మతు పట్టణమున జన్మించెను. తండ్రి నౌకాదళపు జీతముల కచేరీలో గుమాస్తా. ఆయన యాదాయమునకు మించి వ్యయము చేసి, 1824లో మార్షల్సీ యను ఋణగ్రస్తుల చెఱసాల పాలయ్యెను. పండ్రెండేండ్ల చార్లెసు బూట్లకు పూయు నల్లరంగు తయారగు కార్ఖానాలో సీసాలకు చీటీ లంటించి పొట్టపోసికొనవలసివచ్చెను. తరువాత సంక్షేపలిపి నభ్యసించి, పార్లమెంటు చర్చలను పత్రికలకు వ్రాయు విలేఖరి యయ్యెను. గడువులోపల వ్రాత ముగించుట ఆయనకు నవలారచనకంటె ముందే యలవడిన విద్య. అప్పన్న మాటకు ఉలికిపడుటయు అంతకు ముందే యలవడినది. మేము చెప్పబోవు కథలో ఈ రెండును పనిచేసినవి.

ఆ కాలమున ఇంగ్లండులో క్రొత్త నవల సాధారణముగా మూడు సంపుటములుగా వెలువడెడిది. దాని వెల 31 షిల్లింగుల 6 పెన్నీలు. అంత సొమ్ము పెట్టి నవలను కొనగల గృహస్థులు కొలదిమంది. చాప్మను, హాలు అను ప్రచురణకర్తలు 1836లో బొమ్మలతో గూడిన హాస్యకథను నెలకొక షిల్లింగు సంచికగా వెలువరింప సంకల్పించి, బొమ్మలకు తగిన మాటలు వ్రాయుమని యిరువదినాలుగేండ్ల డికెన్సును కోరిరి. ఇదియే పిక్విక్ పత్రములు. మొదటి సంచిక మార్చి నెలాఖరున వచ్చెను. రెండవది వెలువడకముందే, ఏప్రిలు 20వ తేదీన, చిత్రకారుడైన రాబర్టు సేమూరు ఆత్మహత్య చేసికొనెను. కొంత వెదకులాట తరువాత హాబ్లో బ్రౌను అను యువకుడు చిత్రకారుడుగా కుదిరెను. అంతటినుండి బొమ్మలకు మాటలు వ్రాయుట పోయి, మాటలకు బొమ్మలు గీయుట వచ్చెను. మొదట వేయి ప్రతులు ముద్రింపబడిన యీ సంచికలు, నాలుగవ నెలలో సామ్ వెల్లరను సేవకుడు కథలో ప్రవేశించినది మొదలు పుంజుకొని, కడపటికి నెలకు సుమారు 40,000 అమ్ముడయ్యెను.

విజయము వెంట ఒడంబడికలు వచ్చెను. 1836 మే నెలలో మాక్రోను అను ప్రచురణకర్తకు మూడు సంపుటముల నవల నొకదానిని 200 పౌనులకు వ్రాసి యిత్తునని డికెన్సు మాట యిచ్చెను. ఆగస్టులో బెంట్లీ యను మఱియొకనికి రెండు నవలలు, ఒక్కొక్కటి 500 పౌనులకు, వ్రాయుదునని సంతకము చేసెను. నవంబరులో ఆ బెంట్లీయే స్థాపింపబోవు మాసపత్రికకు సంపాదకుడుగా నుండ నంగీకరించి విలేఖరి యుద్యోగమును వదలెను. ఆ సంవత్సరముననే ఆయన నాటకములు రెండు రంగస్థల మెక్కెను. 1837 ఫిబ్రవరి మొదలు బెంట్లీ పత్రికలో ఆలివర్ ట్విస్టు నెలనెలా వెలువడజొచ్చెను. 1834లో వచ్చిన బీదల చట్టము ననుసరించి అనాథలను, ముసలివారిని వర్క్‌హౌసులలో నెట్లు చూచుచుండిరో ఎత్తిచూపిన నవల యది. ఒకవైపు పిక్విక్ నవ్వు, మఱియొకవైపు ఆలివర్ ఆకలి. నెలలో మొదటి దినములు ఆలివరుకు, కడమ దినములు పిక్విక్కునకు. ఈ రెండింటి నడుమ పత్రికాసంపాదకత్వము; తలమీద, ఇంకను మొదలుపెట్టని మూడవ నవల.

ఇల్లెట్లున్నదో గూడ చూడవలెను. 1836 ఏప్రిలు 2వ తేదీన ఆయన కేథరీను హోగార్తును వివాహమాడెను. 1837 జనవరి 6న కుమారుడు పుట్టెను. మార్చి నెలాఖరున వారు లండనులో డౌటీ వీథి 48వ సంఖ్యగల యింటికి మాఱిరి. కేథరీను చెల్లెలు మేరీ, పదునేడేండ్ల కన్య, తఱచుగా ఆ యింటనే యుండి యక్కకు తోడును, బావకు ఆదరువునుగా మెలగుచుండెను. మే 6వ తేదీ రాత్రి వారందఱు నాటకము చూచి వచ్చిరి. మేరీ తన గదిలోనికి పోయిన కొలదిసేపటికే జబ్బుపడెను. మఱునాటి మధ్యాహ్నము బావ చేతులలోనే ప్రాణము విడిచెను. ఆ దుఃఖములోనే కేథరీనునకు గర్భస్రావ మయ్యెను. జీవితచరిత్రలు డికెన్సు శోకమును గూర్చి పుటలు వ్రాయును. ఇరువదిరెండేండ్లు నిండని యాతల్లి, చంటిబిడ్డ నెత్తుకొని, చెల్లెలిని, పుట్టవలసిన బిడ్డను గోల్పోయిన సంగతి ఒక వాక్యములో ముగియును. మా పాఠకురాండ్రు ఆ వాక్యమును మఱవరని నమ్ముదుము.

డికెన్సు కలము నిలిచిపోయెను. దంపతులు హాంప్‌స్టెడ్ పల్లెపట్టున నొక చిన్న యింట కొన్ని వారములు తలదాచుకొనిరి. మే నెలాఖరున రావలసిన పిక్విక్ సంచిక రాలేదు. జూను పత్రికలో ఆలివర్ లేదు. వేలకొలది కుటుంబములు ఎదురుచూచెను. రచయిత మతిచెడినదనియు, చెఱసాలలో నున్నాడనియు, చనిపోయినాడనియు వదంతులు పుట్టెను. జూను నెలాఖరున వెలువడిన పిక్విక్ 15వ సంచికలో డికెన్సు పాఠకులకొక ప్రకటన వ్రాసి, సంచిక ఆగుటకు కారణమైన మరణమును దెలిపి, వదంతులను తేలికగా త్రోసిపుచ్చెను.

ఆయన తిరిగి యే ఘట్టముతో ఆరంభించెనో గమనింపదగినది. అంతకుముందటి సంచిక కడపట పిక్విక్ దొర ఫ్లీటను ఋణగ్రస్తుల చెఱసాలలో నడుగుపెట్టెను. కనుక మరల కలము పట్టిన డికెన్సు, ఆ చెఱసాల గోడలలోపలి జీవితమునే వర్ణింపవలసివచ్చెను. తండ్రిని చూచుటకు బాల్యమున తాను పోయివచ్చిన చోటువంటిదే యది. హాస్యగ్రంథముగా మొదలైన పిక్విక్ అచ్చట గంభీరమగును. ఆ ఘట్టమును డికెన్సు దుఃఖమునకు ముందే యెన్నుకొనెను. దుఃఖము తరువాత తప్పించుకొన వీలులేకపోయెను. సంచికలుగా నవల వ్రాయువానికి నిన్న ముద్రింపబడినదానిని నేడు కొట్టివేయు స్వాతంత్ర్యము లేదు. చదువరులు పిక్విక్ దొరను చెఱసాల ద్వారమువద్ద వదలిపెట్టి యుండిరి. ఆయనను లోపలికి తీసికొనిపోవుట రచయిత విధి. ఆ విధియే యాతని లేపెను.

మేము చెప్పదలచిన మూడవ కారణ మిదియే: తేదీ తెలిసి యెదురుచూచు పాఠకుడు. ఇది మా యూహ మాత్రమే గాదనుటకు ఆ మూడవ నవలయే సాక్షి. మాక్రోనునకు 1836లో మాట యిచ్చిన ఆ గ్రంథము మూడు సంపుటములుగా నొక్కసారి వెలువడవలసినది. దానికి నెలసంచిక లేదు. ద్వారమువద్ద నిలిచిన పాఠకుడు లేడు. ఒడంబడిక మాక్రోను చేతినుండి బెంట్లీ చేతికి మాఱెను, వెల పెరిగెను, గడువులు వాయిదాపడెను, గ్రంథము మాత్రము సాగలేదు. ధర చాలదన్న మనస్తాపము గూడ ఆ యాలస్యమునకు కారణమనుట నిజము. అయినను, అదే ధరల తగవు నడుచుచున్న దినములలోనే నెలసంచికలు గల నవలలు సాగుట మఱువరాదు.

అయితే పాఠకుని యెదురుచూపొక్కటియే చాలెనని మే మనము. డికెన్సు తన మీదనున్న భారమును తగ్గించుకొనుటకు పోరాడెను. 1837 అక్టోబరు పత్రికలో ఆలివర్ మరల లోపించెను. ఈమాఱు కారణము శోకము గాదు, బెంట్లీతో వచ్చిన తగవు. ఆ తగవు ఫలితముగా ఆలివరునే వ్రాయవలసిన రెండు నవలలలో నొకటిగా లెక్కింప బెంట్లీ యంగీకరించెను. ఒక సంతకముతో ఒక నవల భారము తీరెను. పిక్విక్ ఆ నెలాఖరున పూర్తియయ్యెను. ఒకటి ముగిసినప్పుడు రెండవదానికి చోటు దొరకెను. 1838 ఆరంభమున డికెన్సు బ్రౌనుతో గూడి యార్క్‌షైరునకు పోయి, దిక్కులేని పిల్లలను చౌకగా ఉంచుకొను బడులను చూచి వచ్చెను. ఆ యేప్రిలులో నికొలాస్ నికిల్బీ మొదలయ్యెను. మరల రెండు నవలలు జోడుగా నడచెను. ఆలివరును ఆయన 1838 అక్టోబరులో వ్రాసి ముగించెను; నికిల్బీ 1839 అక్టోబరులో ముగిసెను.

ప్రచురణకర్తలను కేవలము దుష్టులుగా చిత్రించుట న్యాయము గాదు. పేరులేని యువకునితో వారు చేసికొన్న ఒడంబడికలు నాటి ధరలకు మఱీ తక్కువ గావు. పేరు వచ్చిన పిమ్మట అవి సంకెళ్లవలె తోచెను. 1840లో చాప్మను, హాలు అనువారు బెంట్లీకి 2,250 పౌనులు చెల్లించి ఆలివర్ హక్కులను కొని, మూడవ నవల ఒడంబడికనుండి డికెన్సును విడిపించిరి. మాక్రోను 1837లో చిన్నవయసుననే మరణించెను. డికెన్సు అతనితో తగవులాడినవాడే. అయినను అతని భార్యాబిడ్డల సహాయార్థము పలువురి రచనలను కూర్చి, 1841లో ప్రకటింపజేసెను.

ఆ మూడవ నవల కడకు వచ్చినదా? వచ్చినది. 1780లో లండనునందు జరిగిన మతకల్లోలములను గూర్చిన బార్నబీ రడ్జి యను నవల యది. 1841 ఫిబ్రవరి మొదలు నవంబరు వఱకు అది వెలువడెను. ఎట్లు? వారపత్రికలో, వారవారము! అయిదేండ్లు సంపుటములుగా రాని గ్రంథము పాఠకునికి తేదీ యిచ్చిన వెంటనే పది నెలలలో ముగిసెను.

ఈ శ్రమకు వెల లేకపోలేదు. ఆలివరులో రోజ్ మేలీ యను పదునేడేండ్ల కన్య కలదు. ఆమెకు మరణాంతకమగు జ్వరము వచ్చును, కాని కోలుకొనును. వీథిలోని యింట బ్రదుకనిదానిని డికెన్సు కాగితముమీద బ్రదికించెను. మేరీ వ్రేలి యుంగరమును ఆయన జీవితాంతము ధరించెను. మఱియు నొక విశేషము: 1839 తరువాత డికెన్సు రెండు పెద్ద నవలలను ఏకకాలమున ఎన్నడును వ్రాయలేదు. చేయగలిగినదానిని చేయరాదని తెలిసికొనుట గూడ అనుభవమే.

మన తెలుగు నవలయు పత్రిక యొడిలోనే పెరిగినది. వీరేశలింగము పంతులుగారి రాజశేఖరచరిత్రము 1878లో వివేకవర్ధనిలో భాగములుగా వెలువడి, 1880లో గ్రంథరూపము దాల్చెను. కనుక డికెన్సు కథలో మన గృహములకును పాఠము కలదు. రచయితను నడపువారిలో చదువరి యొకడు. సంచిక రానినెల వదంతి పుట్టించుట సులభము. ఆ యింట నేమి జరిగినదో యని ఒక క్షణ మాలోచించుట కష్టము. చందా సకాలమున చెల్లించుట, ఆలస్యమైన నోర్చుట, వచ్చినప్పుడు చదువుట, ఈ మూడును సాహిత్యసేవలే.

తన కడపటి నవలయగు ఎడ్విన్ డ్రూడుకు ఒడంబడిక వ్రాయునప్పుడు డికెన్సు, గ్రంథము ముగియకముందే తాను మరణించినను, అశక్తుడైనను, ప్రచురణకర్తకు నష్టము రాకుండ సొమ్ము నెట్లు సరిపెట్టవలెనో తెలుపు నిబంధన నొకదానిని తానే కోరి చేర్పించెను. అంతకుముందు ఆయన ఒడంబడికలలో అట్టిది లేదు. 1870 జూను 9వ తేదీన ఆయన మరణించునప్పటికి పండ్రెండు సంచికలలో ఆఱు సిద్ధమైయుండెను. ఇరువదియైదవ యేట దుఃఖమునకు ఒడంబడికలో చోటు లేక తల్లడిల్లినవాడు, ఏబదియెనిమిదేండ్లు వచ్చునప్పటికి దానికి చోటు కల్పించి పోయెను.