అవ్వ గుడ్డలో నల్ల సిరా

మా అవ్వ పెట్టెలో పాత కలంకారీ గుడ్డ ఒకటి ఉంది. పెళ్లయి హోసూరుకు వచ్చేటప్పుడు కాళహస్తి నుంచి తెచ్చుకున్నది. దాని మీద రామాయణం బొమ్మలు, వాటి కింద తెలుగులో రాసిన వరసలు ఉన్నాయి. పోయిన సెలవుల్లో విప్పి చూస్తే ఎరుపు ఉన్నచోట గుడ్డ గట్టిగానే ఉంది. నల్ల గీతలు, అక్షరాలు ఉన్నచోట మాత్రం పొడిగా రాలిపోతోంది.

“పురుగు కొట్టిందిలే” అంది అవ్వ. పురుగైతే ఎరుపును వదిలేసి నలుపునే ఎందుకు తింటుంది? మా సైన్సు టీచరును అడిగాను, పుస్తకాలు కూడా చదివాను.

ఆ నల్ల సిరాను కసిమి అంటారు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేసి కొన్ని వారాలు పులియబెడతారు. ఆ పులుపులో ఇనుము కరుగుతుంది. గుడ్డను ముందే కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరబెడతారు. పాలలోని కొవ్వు సిరా పాకకుండా ఆపుతుంది. కలంతో గీయగానే కరక్కాయలోని టానిన్‌తో ఇనుము కలిసి గీత నల్లబడుతుంది. ఐరోపాలో కాగితం మీద వాడిన పాత సిరా కూడా ఇనుము, టానిన్‌లతో చేసిందే.

మన తీరంలోని ఈ అద్దకం పని గురించి కూర్దూ అనే ఫ్రెంచి పాదిరి 1742లోనే వివరంగా జాబు రాశాడు. ఆయన తెలుగు, సంస్కృతం నేర్చినవాడు. ఎరుపునిచ్చే చిరివేరు గురించి రాక్స్‌బర్గ్ 1795లో మొదలైన తన కోరమాండల్ మొక్కల పుస్తకంలో రాశాడు.

ఇప్పుడు మ్యూజియాల్లో ఎక్స్-రే ఫ్లోరసెన్స్ యంత్రంతో గుడ్డను కోయకుండానే గీతలో ఇనుము ఉందో లేదో చూస్తారు. గాలి, తేమ తగిలితే ఆ ఇనుమే నూలు దారాన్ని త్వరగా పాడుచేస్తుంది. సిరాలోని ఆమ్లం కూడా దారాన్ని తెంచుతుంది. ఎరుపుకు వాడేది ఇనుము కాదు, పటిక. అందుకే ఎరుపు నిలిచింది, నలుపు రాలింది. పురుగు తప్పేమీ లేదు!

అమ్మ ఆ గుడ్డను సబ్బుతో ఉతికి ఎండలో వేద్దామంది. నేను వద్దన్నాను. మడతలు విప్పి, మధ్యలో తెల్లటి నూలుగుడ్డ పెట్టి చుట్టగా చుట్టాం.

చుట్టే ముందు మిగిలిన అక్షరాలన్నీ నోటుబుక్కులో ఎత్తి రాసుకున్నాను. కొన్నిచోట్ల సిరా లేదు, అక్షరం ఆకారంలో చిల్లు మాత్రమే ఉంది. అయినా చదవడానికి వచ్చింది. అవ్వకు చదువు రాదు. ఇన్నేళ్లు దాచుకున్న గుడ్డ మీద ఏం రాసుందో ఆమె వినడం అదే మొదటిసారి. ఇంకోసారి చదవమంది.

మీ ఇంట్లో కూడా ఇలాంటి గుడ్డ ఉంటే ఉతకవద్దు. ముందు చదవండి.