హాకీ స్కేటింగు: గృహాభ్యాసము

ఐస్ హాకీ క్రీడాకారులు స్కేటింగు బలమును, నిలుకడను పెంపొందించుకొనుటకై మంచుపై గాక యింటివద్ద వట్టి నేలపైఁ జేయు సాధన యిది. కృత్రిమ హిమవేదికలు మిక్కిలి యరుదైయున్న కాలమున సోవియట్ శిక్షకుఁడు అనతోలీ తరాసోవ్ తన యాటగాండ్రచేఁ బరుగులు, గెంతులు, బరువులెత్తుటలు నేలపైనే చేయించి, 1964, 1968, 1972 ఒలింపిక్ స్వర్ణములను గడించిన జట్లను దీర్చిదిద్దుటతో నీ పద్ధతికి గౌరవ మినుమడించెను.

స్కేటరు ముందునకు సాగుట కాలిని నేరుగా వెనుకకుఁ దన్నుటచేఁ గాక ప్రక్కకు నెట్టుటచేతనే కావున, సాధారణపుఁ బరుగు ఊపిరిని బెంచునే కాని యడుగును దిద్దదు. ఆ లోపమును దీర్చునది స్లైడ్ బోర్డు: నున్నని పలకపై మేజోళ్లతో నిలిచి, మోకాళ్లు బాగుగా వంచి, నడుము పైకి లేవనీయక, ఒక యంచును కాలితో నెట్టి రెండవ యంచునకు జాఱవలెను. 1980లో లేక్ ప్లాసిడ్ నందు స్పీడ్ స్కేటింగున నైదు స్వర్ణములు గెలిచిన ఎరిక్ హైడెన్ దీనితో సాధన చేసినవాఁడే. పలక లేనివారు ఒంటికాలిపైఁ గూర్చుండి లేచుట, ప్రక్కకు దుమికి యొంటికాలిపైఁ గదలక నిలుచుట యభ్యసింతురు. చూచుటకుఁ దేలికయే కాని, తొడలకుఁ దెలియును దాని కష్టము.

ఆటలోఁ గ్రీడాకారుఁడు మంచుపై నుండు నొక్కొక్క విడత సుమారు 45 సెకన్లే కావున సాధనయు నట్లే తీవ్రముగ, విరామములతో సాగవలెను. స్కేటు వాదర నడుపు నేర్పు మాత్రము మంచుపైననే యలవడును.